ఎర్రబారిన బోనం కుండ

పోయినవారం యాడ ఇడిసిపెట్టిన్నో ముందుగాల గుర్తుచేస్త.

గడ్డిఅన్నారంల పాత పండ్ల మార్కెట్ గోడ ఎనక గల్లీల మా అక్క అండాలమ్మ ఇల్లు. ఆమె కోడలు సింధూర. కృష్ణా దిక్కు నుంచి ఒచ్చి దిల్‌సుఖ్‌నగర్‌ల సెటిలైన కెమిస్ట్రీ సారు మల్లికార్జునరావు బిడ్డ. మా మేనల్లుడు ధనరాజ్ ఇంట్ల ఒక్క మాట చెప్పకుంట పోయినేడు బోనాలు ఒడిసినంక ఆ పిల్లను చేసుకోని తీస్కొచ్చిండు. మా అక్క గల్లీ నడుమ నిలబడి, "దీని చేతి మెతుకు నా నోట్లె పడదు" అని ఒట్టు పెట్టుకున్నది. గా పొద్దు నుంచి ఒకటే వంటిల్లు, రెండు వంటలు.

ఇగ ఇయ్యేడు ఆ పిల్ల మొదటిసారి అమ్మవారికి బోనమెత్తాలె. అటక మీదికెల్లి తాతలనాటి ఇత్తడి బోనం కుండ దింపింది. చిలుము పట్టి ఆకుపచ్చగ, నల్లగ ఉన్నది. చింతపండుతోని ఎంత తోమినా ఒదుల్తలేదని నా బండి కాడికొచ్చి బాత్రూం యాసిడ్ సీసా కొనుక్కపోయింది. తెల్లారి చూస్తే కుండ ఎర్రగ! నిలువెల్ల కుంకుమ పూసుకున్నట్టు ఎర్రగ! మా అక్క చేతిల చెంబు కింద పడ్డది. "అమ్మ ఒచ్చింది నా ఇంటికి" అని గల్లీ అంత ఇనేటట్టు ఒర్లింది. గా మధ్యాన్నమే కోడలి చేతి అన్నం తిన్నది. సీసా సంగతి ఆ పిల్లకు, నాకు తప్ప మూడో మనిషికి తెల్వదు. రెండు దినాలైనంక గేటు ముంగట సారు స్కూటర్ ఆగింది. గక్కడ ఆగినం.

నేనెవలంటె, గోపయ్యను. ట్రాలీ ఆటోల యాసిడ్, ఫినాయిల్, బ్లీచింగ్ పౌడర్ అమ్ముత. ఎల్బీనగర్ చౌరస్త నుంచి హయత్‌నగర్ దాక మైకుల ఒర్లే గొంతు నాదే. ఒకపారి ఆ సప్పుడుకు హయత్‌నగర్ డిపోల ఆగి ఉన్న బస్సు దానంతట అదే స్టార్టయ్యి గేటు దాక ఒచ్చింది. డ్రైవర్ అవతల చాయ్ తాగుతనే ఉన్నడు. నా సరుకు గూడ గట్లాంటిదే. చౌరస్తల మూత లీకై ఒక్క సుక్క పడ్తే పక్కనున్న మెట్రో పిల్లర్‌కు చెమటలు పట్టినయి. చూసినోళ్ళున్నరు, కావాల్నంటె అడ్రసులిస్త.

సరె, సారు లోపలికొచ్చిండు.

ఆ పూట ముసురు పట్టింది. ఆషాఢం ముసురంటె మీకు తెల్సు గదా, వాన పడ్డట్టే ఉంటది, పడనట్టే ఉంటది, మనిషికి నిద్రొచ్చినట్టే ఉంటది, రానట్టే ఉంటది. మార్కెట్ అబ్దుల్లాపూర్‌మెట్ దిక్కు లేసిపోయి ఏండ్లైనా, జర తడి తగిలితె చాలు, గా గోడలకెల్లి మామిడిపండ్ల వాసన లేస్తది. ఎండకాలం తేనెటీగలు పాత అలవాటుకు ఒచ్చి, మార్కెట్ కానరాక మా అక్క దండెం మీద చీరలకు వరుసగ కూసుంటయి. వాటికి అబ్దుల్లాపూర్‌మెట్ తొవ్వ చెప్పి పంపింది నేనే.

వరండల పీట మీద కుండ ఉన్నది. చుట్టు వేపమండలు, ముంగట దీపం. మబ్బు ఎలుతురుల గా ఎరుపు ఎట్లుండెనంటె, మునుగుడు మర్చిపోయిన పొద్దు వరండల కూసున్నట్టుండె. గల్లీ ఆడోళ్ళు చాప మీద గుమ్మనంగ కూసున్నరు. ఒకామె ఒళ్ళె పసిపిల్ల గూడ కండ్లు మూసుకోని కుండ దిక్కే మొఖం పెట్టింది. దీపం ఊగితె ఎరుపు ఊగుతది, ఎరుపు ఊగితె ఆ ఆడోళ్ళ మొఖాలు ఊగుతయి. జరసేపు చూస్తే ఇల్లే నీళ్ళల్ల తేలుతున్నట్టు అనిపిస్తది. నేను స్తంభం పట్టుకోని నిలబడ్డ. పట్టుకోకపోతె లేసిపోతనేమో అనిపించింది.

మా అక్క లేసి తన చేతులతోనే కుర్చీ ఏసింది. గీ సంగతి మీకు సమజ్ కావాలె. పెండ్లైనంక సారు ఎన్నిసార్లొచ్చినా గేటు బయటనే నిలబడి బిడ్డతోని మాట్లాడి పోయెటోడు. మా అక్క రమ్మనలే, ఆయన రాలే.

"రా సారూ, కూసో. నీ బిడ్డ చేతిల అమ్మ ఒచ్చింది," అన్నది.

"నమస్కారం అక్కయ్యగారూ."

సారు కూసోలే. చేతిల హెల్మెట్ నుంచి నీళ్ళు కారుతున్నయి. కండ్లద్దాలు తుడుసుకున్నడు. కుండ కాడికి ఒంగిండు. అందరు దండం పెడ్తడనుకున్నరు. ఆయన మొదలు వాసన చూసిండు. ఆ తర్వాతనే రెండు చేతులు జోడించిండు. జోడించి, మెల్లగ తల తిప్పి నా దిక్కు చూసిండు.

నేను పైన ఫ్యాన్ దిక్కు చూసిన. కరెంటు లేకుంటనే అది తిరుగుతున్నట్టు అనిపించింది నాకు.

"గోపయ్య గారూ, ఇక్కడ చేతులు కడుక్కునే చోటు ఎక్కడండీ?"

"పెరట్ల ఉన్నది సారూ. ఫినాయిల్ గిట్ల ఏమన్న..."

"ఫినాయిల్ వద్దులెండి. మీరు కూడా రండి. అమ్మా సింధూ, టవలు పట్టుకురా."

మేం లేస్తుంటె మా అక్క ఎనకకెల్లి చెప్తనే ఉన్నది, నిద్రల మాట్లాడినట్టు మెత్తగ. "మాపటికి గుడోళ్ళు డప్పులతోని ఒస్తరు సారూ. కుండను గుడి కాడ అందరికి చూపెడ్తరట. రేపు దాంట్లనే పెరుగన్నం పెట్టి నీ బిడ్డ నెత్తికెత్తుకుంటది. గా అన్నమే పిల్లలందరికి పంచుతరు. ధనరాజ్ అన్ని మాట్లాడొచ్చిండు. నువ్వు గూడ ఉండు. అందరి ముంగట చూద్దువు."

పెరట్ల రేకుల మీద చినుకులు టిక్కుటిక్కుమంటున్నయి. సంపు పక్కన నీలం ప్లాస్టిక్ టబ్బు, దాని మీద ఒక పలక బోర్లించి ఉన్నది. సారు పలక తీసి చూసిండు. లోపల ఆకుపచ్చ నీళ్ళు. దాంట్ల గిన్నెలు తోమే స్టీల్ పీచు ముక్క, సగం తిన్న సేమ్యా లెక్క.

"ఇదేంటమ్మా?"

సింధూర టవల్ని మెలితిప్పుతున్నది. "ఎక్కడ పారబోయాలో తెలీలేదు నాన్నా. మొక్కలకి పోస్తే చచ్చిపోతాయని..."

"కుండ ఇందులోనే పెట్టావా?"

"ఊఁ. ఊరికే యాసిడ్ పోస్తే నలుపు వదిలింది గానీ మూలల్లో చిలుము వదల్లేదు. అందుకని స్టీలు పీచుతో రుద్దాను. చెయ్యి మండింది, పీచు అందులోనే వదిలేశాను." ఆ పిల్ల గొంతు జర మారింది. కండ్లు టబ్బుల ఉన్నయి గని చూపు యాడనో ఉన్నది. "తర్వాత కదలబుద్ధి కాలేదు నాన్నా. పీచులోంచి బుడగలు వచ్చాయి. సన్న సన్నవి, గాజుపూసల్లాంటివి. ఆగకుండా పైకి లేస్తూనే ఉన్నాయి. నిద్రపోతున్న చేప ఊపిరి తీసుకుంటున్నట్టు ఉంది. నేను అలా గోడకి ఆనుకుని చూస్తూ చూస్తూ కునుకు తీసేశాను. లేచి చూసేసరికి కుండ ఎర్రగా ఉంది."

"ఇగ చూడు సారూ," అన్న నేను. "నిద్రపోయిందంటె అమ్మవారే పండబెట్టింది. యాసిడ్ గుణం నాకు తెల్వదా? ఇనుము మా బావమర్ది లెక్క, తగిలితె చాలు బుసలు కొడ్తది. జింకు రేకు ఇంకా ఎక్కువ, మంటల మీద పాలు పొంగినట్టు పొంగుతది. బంగారం పెద్దింటి కోడలు, పిలిసినా తల తిప్పదు. గని ఇత్తడి ఎర్రగైతదని నేను పుట్టి బుద్ధెరిగినంక ఇనలే. ఒక్కపారి మాత్రం..."

"బావమరిదీ, పెద్దింటి కోడలూ బానే చెప్పారు గోపయ్య గారూ," అన్నడు సారు నవ్వుకుంట. "అలాగే చెబితే మా కోచింగులో పిల్లలు కూడా మర్చిపోరు. ఒక ఇనుప మేకు ఉంటే ఇస్తారా?"

తలుపు ఎనక తుప్పు పట్టని మేకు ఒకటి దొరికింది. సారు దానికి దారం కట్టి ఆకుపచ్చ నీళ్ళల్ల దింపిండు. మేం ముగ్గురం టబ్బు చుట్టు గొంతుక్కూసున్నం. సారు ఎప్పుడు గొంతుక్కూసున్నడో ఏమో, మోకాళ్ళు పటపటమన్నయి. మేకు చుట్టు బుడగలు లేసినయి. ఒకటెన్క ఒకటి, తొందర లేకుంట. పైకొచ్చి పగుల్తున్నయి. చినుకులు పైకెల్లి పడ్తున్నయి, బుడగలు కిందికెల్లి లేస్తున్నయి. నేను యాడున్ననో నాకే సోయి లేదు. సింధూర తల మెల్లగ తండ్రి భుజం మీదికి ఒరిగింది. చిన్నప్పుడు గూడ గట్లనే కూసున్నట్టుంది ఇద్దరు.

సారు దారం పట్టి మేకును పైకి లాగిండు.

మేకు ఎర్రగున్నది. కుండ లెక్కనే ఎర్రగ.

నా నోరు తెరుసుకున్నది తెరుసుకున్నట్టే ఉన్నది. "మేకుకు గూడ అమ్మ ఒచ్చిందా సారూ?"

"అది రాగి గోపయ్య గారూ. ఇత్తడి అంటే రాగీ జింకూ కలిపి పోత పోసిందే. రాగికి యాసిడ్ అంత తేలిగ్గా అంటదు. కానీ ఏళ్ళ తరబడి పట్టిన చిలుములో ఉన్న రాగి వేరు, అది యాసిడ్లో కరిగిపోతుంది. ఈ ఆకుపచ్చ నీళ్ళు అదే. తర్వాత ఇనుప పీచు పడింది. ఇనుముకి యాసిడ్లోకి దిగిపోవడం ఇష్టం. ఇనుము దిగేకొద్దీ నీళ్ళల్లో ఉన్న రాగి బయటికి వచ్చెయ్యాలి. వచ్చి కుండ మీద కూర్చుంది."

నాకు జరసేపటికి సమజైంది. పొద్దుగాల దిల్‌సుఖ్‌నగర్ స్టాపుల బస్సు ఉంటది. లోపల రాగి కూసోనుంటది. ఇనుము ఒచ్చి జబర్దస్తీగ ఎక్కుతది. రాగి ఫుట్‌బోర్డు మీదికెల్లి దిగి, ఎదురుంగ ఏ అరుగు కనపడ్తే గా అరుగు మీద కూసుంటది. గా అరుగు మన కుండ. సారుకు గిట్ల చెప్తే, "రేపు క్లాసులో ఇదే చెప్తాను" అన్నడు. ఒట్టు, గట్లనే అన్నడు.

అన్నడు గని నవ్వు ఆగిపోయింది. "మరి అక్కయ్యగారికి ఏం చెప్పావమ్మా?"

"ఏమీ చెప్పలేదు."

"చెప్పకపోతే ఎలా?"

"నాన్నా, ఆవిడ నా చేతి ముద్ద తిన్నారు." సింధూర తల లేపలే. "పప్పూ అన్నం కలిపి పెట్టాను. కళ్ళు మూసుకుని తిన్నారు. 'ఉప్పు సరిపోయింది బిడ్డా' అన్నారు. ఏడాది నుంచి ఈ ఇంట్లో నన్ను ఓ పిల్లా, ఆంధ్రా పిల్లా అనే పిలిచారు. మొన్న బిడ్డా అన్నారు. ఇది యాసిడ్ అని చెప్తే నేను మళ్ళీ ఓ పిల్లానే. నాకు అబద్ధం చెప్పాలని లేదు. నిజం చెప్పడానికి నోరు రావట్లేదు."

సారు చేతిలున్న మేకును అటు తిప్పి ఇటు తిప్పి చూసిండు.

"గట్లయితె చెప్పకురి," అన్న నేను. "ఎవలకు నష్టం? కుండ ఎర్రగున్నది, అక్క నవ్వుతున్నది, వాన పడుతున్నది. అన్ని మంచిగనే ఉన్నయి."

"నష్టం ఉందండీ. రేపు అందులో పెరుగన్నం పెడతారు. మామూలు ఇత్తడిలోనే పులుపు ఎక్కువసేపు ఉంచకూడదు. దీనికి సందుల్లో, అంచు మడతల్లో ఈ ఆకుపచ్చది ఇంకా ఉంది, నేను చూశాను. పెరుగు తగిలితే అది అన్నంలోకి దిగుతుంది. ఆ అన్నం పిల్లలు తింటారు. కడుపులో తిప్పుతుంది, వాంతులవుతాయి. బోనం అన్నం తిని పిల్లలు పడిపోయారంటే, అప్పుడు అందరూ నీ పేరే చెప్తారు సింధూ."

"విస్తరాకు ఏస్తే?" అన్న.

"చిరిగితే?"

నా దగ్గర ఇంకో ఉపాయం లేకపోయింది. నాకు ఉపాయం లేకపోవుడంటె ఆషాఢంల కప్పకు నోరు లేకపోయినట్టే.

"కుండని లోపలా బయటా గట్టిగా తోమాలి," అన్నడు సారు. "చింతపండూ, ఇటుక పొడీ. ఈ ఎరుపు పైపైనే ఉంది, చాలా పల్చటి పొర. రుద్దితే పోతుంది. మళ్ళీ పసుపు రంగే వస్తుంది."

"ఆవిడ ఎవర్నీ ముట్టుకోనివ్వట్లేదు నాన్నా. తోమితే అమ్మ వెళ్ళిపోతుందంటున్నారు."

"ఆవిడ నన్ను అడిగితే నేను ఉన్నదే చెప్తాను. అడక్కపోతే నా అంతట నేను చెప్పను. నీ ఇల్లు, నీ చెయ్యి. ఏం చెయ్యాలో నువ్వే చూసుకో తల్లీ."

సింధూర టబ్బు మీద పలక మళ్ళ బోర్లించింది. లేసింది. వంటింట్లకు పోయి చింతపండు గిన్నె, ఇటుక పొడి తీస్కొచ్చింది. మేమిద్దరం ఆమె ఎనక నడిసినం. సారు అడుగుల సప్పుడే లేదు. నేను గూడ మబ్బు మీద నడిసినట్టే నడిసిన, చెప్పులు ఇడిసిన సంగతి గూడ యాది లేదు.

వరండల ఆడోళ్ళు లేరు. డప్పులొచ్చే టైమయితున్నదని చీరలు మార్చుకొనీకి ఎవలింటికి వాళ్ళు పోయిన్రు. మా అక్క ఒక్కతే గోడకు ఒరిగి, కాళ్ళు సాపుకోని, కండ్లు మూసుకోని ఉన్నది. దీపం, కుండ, అక్క. మూడు ఒక్క నిద్రల ఉన్నట్టుండె.

సింధూర పీట ముంగట కూసున్నది. "అత్తయ్య గారూ, మీకొక మాట చెప్పాలి."

"జర ఆగు బిడ్డా," అన్నది అక్క కండ్లు తెరవకనే. "కల ఒచ్చింది. మర్చిపోకముందే చెప్పనియ్. మా అత్త గీ కుండ నెత్తిన పెట్టుకోని పాత మార్కెట్ల నడుస్తున్నది. కింద నడుస్తలేదు. మామిడిపండ్ల కుప్పలుంటయి గద, వాటి మీదికెల్లి అడుగు ఏసుకుంట పోతున్నది. ఒక్క పండు గూడ జరుగుతలేదు. నేను ఎనక ఉరుకుతున్న. ఎప్పుడు ఈ కలొచ్చినా ఆమె ఎనకకు చూడదు. ఇయ్యాల చూసింది."

సింధూర చేతిల చింతపండు అట్లనే ఉన్నది.

"పోయేటప్పుడు నాకు చెప్పింది మా అత్త. 'అమ్మ ఇంట్లకు ఒచ్చిన దినం కుండ తనంతట తనే కుంకుమ పెట్టుకుంటది' అని. నేను చేతనైనన్నేండ్లు ప్రతి బోనాలకు తోమిన. చేతులు పగిలినయి. తోమినప్పుడల్ల పసుపుపచ్చగనే ఉండె. నేను మంచిదాన్ని కాదేమో అనుకున్న."

గీ మాటకు సారు తల పక్కకు తిప్పుకున్నడు. నాకు ముక్కు మండింది. అది యాసిడ్ కాదు.

సింధూర చింతపండు ముద్దను ఇటుక పొడిల అద్దింది. కుండ పక్కన అరచెయ్యి ఆనించి రుద్దుడు మొదలుపెట్టింది. సర్రు, సర్రు. అక్క కండ్లు తెరిసింది. కుండ మీద అరచెయ్యంత జాగల ఎరుపు పోయి పసుపు రంగు మెరుస్తున్నది. మబ్బుల చిన్న కిటికీ తెరుసుకున్నట్టు మెరుస్తున్నది.

"ఇది నేనే చేశాను అత్తయ్య గారూ," అన్నది సింధూర రుద్దుకుంటనే. కండ్లల్ల నీళ్ళు కారి ఇటుక పొడిల పడుతున్నయి. "అమ్మవారు కాదు. బాత్రూం యాసిడ్ పోశాను. స్టీలు పీచుతో రుద్దాను. అందుకే ఎర్రబడింది. మీకు చెప్పలేకపోయాను. కానీ రేపు ఇందులో అన్నం పిల్లలు తింటారు, వాళ్ళకి వాంతులవుతాయి. తోమకపోతే కుదరదు. మీరు నన్ను ఏమన్నా అనండి."

వాన గూడ ఆగినట్టుంది. నేను స్తంభం ఎనక సగం దాసుకున్న. ఇగ నా బండి గల్లీల తిరుగుడు బందని అనుకున్న.

అక్క ఆ పసుపు జాగను చూసింది. కోడలి చెయ్యి చూసింది.

"నాకు తెల్సు," అన్నది.

సింధూర చెయ్యి ఆగింది.

"ఏం చూస్తున్నవ్? కుండ చూసిన పొద్దే ముక్కుల కొట్టింది. గీ గోపిగాని బండి పొద్దుగాల లేస్తె మన గల్లీలనే ఉంటది. మార్కెట్ల మామిడికాయ వాసన చూసి అది ఏ తోటదో చెప్పిన దాన్ని. నాకు యాసిడ్ వాసన తెల్వదా?"

"మరి... అమ్మ వచ్చిందని..."

"మరేంది! ఏడాది నుంచి నీ పప్పు వాసన ఇల్లంత తిరుగుతున్నది. తాలింపు ఏసినప్పుడల్ల నా అర్రలకొచ్చి నన్ను లేపుతున్నది. నాకు ఆకలి కాదా? గల్లీ నడుమ ఒట్టు పెట్టుకుంటి. ఊకె ఎట్ల తింట? ఎవలన్న ఒకలు తినుమని చెప్పాలె గద. మనుషులు చెప్తే ఇనే రకమా నేను? కుండ చెప్పింది, ఇన్న."

సింధూర నవ్విందో ఏడ్సిందో నేను చెప్పలేను. రెండు ఒక్కపారే ఒచ్చినయి. అక్క మోకాలు మీద తల పెట్టింది. అక్క ఆమె చేతులు తుడిసి, నెత్తి మీద చెయ్యి ఏసింది. చేతికంటిన ఇటుక పొడి ఆ పిల్ల పాపిట్ల పడ్డది. ఎర్రగ.

"మరి మీ అత్తగారు చెప్పిన మాటో?" అన్నడు సారు. ఆయనకు లెక్క మొత్తం తేలాలె గద.

"ఆమె ఏం పోసిందో ఎవలకెర్క సారూ!" అన్నది అక్క.

సారు నవ్వి, కుర్చీల కూసున్నడు. ఆ ఇంట్ల మొదటిసారి. "ఒక్క మాట అక్కయ్యగారూ. ఆ ఎరుపు బయటి నుంచి వచ్చింది కాదు. మీరు ఏళ్ళ తరబడి వాడిన కుండకి పట్టిన చిలుములోనే ఉంది. కరిగి, మళ్ళీ కుండ మీదికే వచ్చింది. యాసిడ్ తెచ్చి ఇచ్చింది ఏమీ లేదు."

"ఇన్నవా బిడ్డా?" అక్క మొఖం ఎలిగిపోయింది. "అమ్మ కుండలనే ఉన్నదని సారు గూడ ఒప్పుకున్నడు. ఇగ తోము. పిల్లలు తింటరంటె తోముడే. పసుపు గూడ అమ్మ రంగే."

ఇద్దరు చెరో దిక్కు పట్టిన్రు. అత్త ఇటుక పొడి చల్లుతది, కోడలు రుద్దుతది. సర్రు, సర్రు. సగం కుండ పసుపైంది, సగం ఎర్రగనే ఉన్నది. పొద్దూకేటప్పుడు ఆకాశం ఉంటది సూడు, గట్ల. నేను గా సప్పుడు ఇనుకుంట ఉన్నకాడనే తూగిన.

గప్పుడు ఇనపడ్డయి డప్పులు.

మొదలు దూరంగ, కలల ఇన్నట్టు. తర్వాత గల్లీ మలుపుల. ధనరాజ్ గొంతు అన్నిటికంటె మీద ఉన్నది. "జరుగురి, జరుగురి, ఎర్ర కుండ చూద్దురు రాండ్రి!" గోడ మీదికెల్లి ఫ్లెక్సీ ఒకటి ఊగుకుంట ఒస్తున్నది. దాంట్ల ఎర్ర కుండ, పక్కన సింధూర ఫొటో, ఆమె కంటె పెద్దగ ధనరాజ్ ఫొటో. కింద గల్లీ గల్లీ ఎనక నడుస్తున్నది. పక్కనున్న కొత్తపేట సగం ఇక్కడనే ఉన్నట్టుంది.

సింధూర మొఖం తెల్లబోయింది. కుండ దిక్కు చూసింది. సగం పసుపు. సగం ఎరుపు. "ఇప్పుడు ఏం చెప్తాం అత్తయ్యా? అందరి ముందూ... అమ్మవారి పేరు చెప్పి మోసం చేశామంటారు."

అక్క లేసి చీర కొంగు పరిసి కుండకు అడ్డం నిలబడ్డది. కోడల్ని ఎనకకు జరిపింది. ఆమెనట్ల నిలబడంగ చూసుడు అదే మొదలు నేను. సొంత కొడుక్కు గూడ గట్ల అడ్డం నిలబడలే.

"నా కోడల్ని ఎవడన్న ఒక్క మాటంటె ఊకుంటనా?" అన్నది గొంతు దించి. "అరేయ్ గోపీ. నీ బండిల ఇంకో సీసా ఉన్నదారా?"

"వద్దు గోపయ్య గారూ," అన్నడు సారు, కుర్చీలకెల్లి లేసి.

సింధూర చేతిల చింతపండు ముద్ద పట్టుకోని, నన్నే చూస్తున్నది.

సీసా ఉన్నది. ఒక్కటే మిగిలింది, డ్రైవర్ సీటు కింద. తాళం నా జేబుల చల్లగ తగుల్తున్నది. మైకుల పొద్దంత ఒర్లే గొంతు, హయత్‌నగర్ల బస్సును నడిపిచ్చిన గొంతు, గా టైంల ఒక్క మాట బయటికి తీయలే.

ధనరాజ్ గేటు గొళ్ళెం తీసిండు.